దూరం ఎక్కువ, సమయం తక్కువ: ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆకాశంలో ఎన్ని దారులు?

ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. భూగోళం మీద లెక్కగడితే సుమారు 12,400 కిలోమీటర్లు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వెళితే సుమారు 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ మీదుగా వెళితే సుమారు 15,300 కిలోమీటర్లు.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ మూడింటిలో అన్నిటికన్నా పొడవైన దారిని ఎంచుకుంది. అంతకుముందు అట్లాంటిక్ మీదుగా పడమరకు వెళ్లే విమానాన్ని తూర్పు వైపు మళ్లించి పసిఫిక్ మీదుగా నడిపింది. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం మాత్రం సుమారు 14.5 గంటల్లోనే ముగిసింది. పాత దారితో పోలిస్తే రెండు గంటల దాకా ఆదా అయింది.

దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందని మనం చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం. ఆ సూత్రం తప్పు కాదు. అయితే విమానం విషయంలో ఏది దూరం, ఏది వేగం అన్నదే అసలు ప్రశ్న. పిల్లల్ని చదువుకు పంపిన తల్లిదండ్రులు, ఉద్యోగాలకు వెళ్లేవారు, వైద్యం కోసం ప్రయాణించేవారు కొనే టికెట్టు ధర నుంచి ఆకాశంలో వారి భద్రత వరకు చాలా విషయాలు ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటాయి.

పటంలో గీత, భూమి మీద దారి

గోడకు వేలాడే ప్రపంచ పటంలో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలుతో గీత గీస్తే అది చైనా, జపాన్‌ల మీదుగా పసిఫిక్‌ను దాటుతుంది. చూడటానికి అదే దగ్గరి దారి. కానీ భూమి మీద ఆ గీత పొడవు దాదాపు 15,000 కిలోమీటర్లు. నిజమైన దగ్గరి దారి కన్నా ఇది 2,600 కిలోమీటర్లు ఎక్కువ.

కమలాపండు తొక్కను ఒలిచి బల్ల మీద పరిస్తే అది చిరగక తప్పదు, లేదా సాగదీయాల్సి వస్తుంది. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తెచ్చినప్పుడూ అంతే. 1569లో మెర్కేటర్ రూపొందించిన పటంలో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ప్రాంతాలు సాగిపోతాయి. అందుకే పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. వాస్తవానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు పెద్దది. ఉత్తరాన ఉండే దగ్గరి దారులు కూడా ఈ పటంలో చుట్టుదారుల్లా వంగి కనిపిస్తాయి.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని చూడండి. ఒక కొసను ఢిల్లీ మీద, మరో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం మధ్య ఆసియా అంచున, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా దాటి కిందికి దిగుతుంది. ఢిల్లీ అక్షాంశం 28.6 డిగ్రీలు, శాన్‌ఫ్రాన్సిస్కో అక్షాంశం 37.6 డిగ్రీలు. రెండూ 40 డిగ్రీలకు లోపే ఉన్నా వాటి మధ్య దగ్గరి దారి మాత్రం 75 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని దాటిపోతుంది. ఢిల్లీలో లేచిన విమానం ఈ దారి పట్టాలంటే ముక్కును దాదాపు సూటిగా ఉత్తరానికే తిప్పాలి.

భూమి కేంద్రం గుండా కోస్తే ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు. గోళం మీద ఏ రెండు బిందువుల మధ్య అయినా దగ్గరి దారి ఆ వృత్తంలో ఒక ముక్కే. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి భూమి కేంద్రానికి రెండు గీతలు గీస్తే వాటి మధ్య కోణం సుమారు 111.3 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి భూమి మీద 111.2 కిలోమీటర్లు. గుణిస్తే సుమారు 12,380 కిలోమీటర్లు వస్తుంది.

ఇదే పద్ధతిలో హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం నుంచి షికాగోకు సుమారు 13,300 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 14,000 కిలోమీటర్లు. షికాగో మనకు పడమరన ఉందనుకుంటాం. కానీ శంషాబాద్ నుంచి దగ్గరి దారి కాస్త పడమరకు వాలిన ఉత్తర దిశలో మొదలవుతుంది. మధ్య ఆసియా, రష్యా దాటి, గ్రీన్‌లాండ్‌కు తూర్పున 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, ఆ తర్వాత కెనడా మీదుగా దిగుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ సర్వీసును ప్రారంభించినప్పుడు రెండు నగరాల మధ్య దూరంగా చెప్పింది ఈ మహావృత్త దూరాన్నే.

ఈ కోణం కనుక్కోవడానికి వాడే సూత్రంలో ప్రధానమైనవి సైన్, కొసైన్‌లు. సైన్ అనే మాటకు మూలం మన 'జ్యా'. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో జ్యా విలువల పట్టిక ఉంది. సంస్కృతంలోని జ్యా, జీవా అన్న మాట అరబ్బుల చేతిలో 'జిబ'గా మారింది. దాన్ని వేరే అర్థంలో చదివిన లాటిన్ అనువాదకులు 'సైనస్' అని రాశారు. చివరికి అదే సైన్ అయింది. నేడు విమాన కంప్యూటర్ దూరం లెక్కగట్టే ప్రతిసారీ ఆ జ్యా పని చేస్తూనే ఉంటుంది.

భూమి పూర్తి గోళం కాదు కాబట్టి చిన్న సవరణ కూడా కావాలి. భూమధ్యరేఖ వద్ద భూమి వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6,357 కిలోమీటర్లు. ఈ 21 కిలోమీటర్ల తేడా వల్ల గోళం లెక్కలో అర శాతం దాకా పొరపాటు రావచ్చు. విమానం నేలకు 11 కిలోమీటర్ల ఎత్తున ఎగరడం వల్ల దారి కూడా కాస్త పెరుగుతుంది. అయితే ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో అంత దూరానికి కూడా ఆ పెరుగుదల ఇరవై కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, అంతే.

గాలి కూడా ఒక నదే

దూరం సంగతి తేలింది. మరి 15,300 కిలోమీటర్ల దారి 13,900 కిలోమీటర్ల దారి కన్నా ముందే ఎలా ముగిసింది?

గోదావరిలో ఒకే ఇంజనుతో, ఒకే వేగంతో నడిచే లాంచీని తీసుకుందాం. ప్రవాహం వెంట వెళ్లేటప్పుడు గట్టు మీది చెట్లు గబగబా వెనక్కి పోతాయి. ఎదురు వెళ్లేటప్పుడు నెమ్మదిగా కదులుతాయి. నీటితో పోలిస్తే లాంచీ వేగం రెండుసార్లూ ఒక్కటే. గట్టుతో పోలిస్తే మాత్రం వేరు. విమానానికి నీటి స్థానంలో గాలి ఉంటుంది. బోయింగ్ 777 వంటి విమానం చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే గంటకు సుమారు 890 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. ఆ గాలే గంటకు 150 కిలోమీటర్లతో ముందుకు కదులుతుంటే నేలతో పోల్చిన వేగం 1,040 అవుతుంది. ఎదురు వీస్తే 740కి పడిపోతుంది.

2016 నాటి అంకెలను ఇలాగే సరిచూడవచ్చు. 15,300ను 14.5తో భాగిస్తే గంటకు సగటున సుమారు 1,055 కిలోమీటర్లు. ఇది 777 మామూలు వేగం కన్నా బాగా ఎక్కువ. మిగిలిన తేడా అంతా వెనక నుంచి తోసిన గాలిదే. అట్లాంటిక్ దారిలో అదే గాలి ఎదురు నిలిచింది.

ఈ గాలి పేరు జెట్ స్ట్రీమ్. భూమధ్యరేఖ దగ్గరి వేడి గాలికీ ధ్రువాల దగ్గరి చల్లటి గాలికీ మధ్య ఉండే తేడా, దానికి తోడు భూభ్రమణం కలిసి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు పారే వాయు నదులను సృష్టిస్తాయి. విమానాలు తిరిగే ఎత్తు కూడా అదే. శీతాకాలంలో ఈ నదుల ఉధృతి పెరుగుతుంది. జపాన్, పసిఫిక్ ప్రాంతంలో ఇవి మరీ బలంగా ఉంటాయి.

జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఒయిషి 1920లలో తతెనో పరిశోధన కేంద్రం నుంచి బెలూన్లు వదిలి ఈ గాలిని కొలిచారు. ఫలితాలు ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో ఎస్పరాంటో భాషలో ప్రచురించారు. ఆ భాష తెలిసినవారు తక్కువ కావడంతో అవి దాదాపు ఎవరి కంటా పడలేదు. 1944లో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్ విమానాలు ఆ గాలిని స్వయంగా ఎదుర్కొన్నాకే దాని బలం పైలట్లకు తెలిసొచ్చింది.

మన దేశం మీద వర్షాకాలంలో దీనికి వ్యతిరేక దిశలో, అంటే తూర్పు నుంచి పడమరకు వీచే మరో జెట్ స్ట్రీమ్ ఉంది. 1958లో భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం దాన్ని వివరించారు. అది ప్రయాణికుల విమానాలు సాధారణంగా ఎగిరే ఎత్తు కన్నా పైన ఉంటుంది కాబట్టి ప్రయాణ సమయం మీద దాని ప్రభావం తక్కువ. నైరుతి రుతుపవనాలతో మాత్రం దానికి దగ్గరి సంబంధం ఉంది.

భూమి తిరగడం వల్ల కాదా?

తూర్పుకు వెళ్లే విమానాలకూ పడమరకు వెళ్లే విమానాలకూ పట్టే సమయంలో తేడా భూమి తిరగడం వల్లే వస్తుందని చాలామంది అనుకుంటారు. 'విమానం గాలిలో ఉంటే కింద భూమి తిరిగి అమెరికాయే దగ్గరకు రావాలి కదా' అన్న ప్రశ్న విద్యార్థులు తరచూ అడిగేదే. భూమధ్యరేఖ వద్ద నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. దానితోపాటు గాలీ, రన్‌వే మీద నిలిచిన విమానమూ అదే వేగంతో తిరుగుతున్నాయి. కదిలే రైల్లో కూర్చుని బంతిని పైకి విసిరితే అది మళ్లీ మన చేతిలోనే పడుతుంది కదా, ఇదీ అంతే. భూభ్రమణం విమానాన్ని నేరుగా తోయదు. జెట్ స్ట్రీమ్‌ను మలచడం ద్వారా పరోక్షంగా మాత్రం ప్రభావం చూపుతుంది.

గాలి బలానికి ఒక ఉదాహరణ చాలు. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోల్చిన దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటలేదు. ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం మామూలుగానే ఉంది.

పోయేటప్పుడు కలిసొచ్చిన గాలి తిరిగి వచ్చేటప్పుడు ఎదురైతే లాభనష్టాలు చెల్లుకు చెల్లు అవుతాయా? కావు. 9,000 కిలోమీటర్ల దారి, 900 కిలోమీటర్ల వేగం అనుకుందాం. గాలి లేకపోతే పోనూ రానూ 20 గంటలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉంటే పోవడానికి 9 గంటలు, రావడానికి 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడపాల్సి వస్తుంది కాబట్టి నష్టమే పైచేయి. వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి జెట్ స్ట్రీమ్ బలపడితే అట్లాంటిక్ మీద రానుపోను ప్రయాణ సమయం మొత్తం మీద పెరుగుతుందని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త పాల్ విలియమ్స్ 2016లో లెక్కగట్టి చూపారు.

ఇంధనాన్ని మోయడానికే ఇంధనం

ఇంత దూరాలకు వెళ్లే బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానంలో 1.8 లక్షల లీటర్లకు పైగా ఇంధనం పడుతుంది. అది దాదాపు 145 టన్నులు. విమానం లేవడానికి అనుమతించే గరిష్ఠ బరువు సుమారు 347 టన్నులు. అంటే ట్యాంకులు నింపితే బరువులో నాలుగు వంతులు ఇంధనమే, మిగతా ఆరు వంతుల్లోనే విమానం, మనుషులు, సామాను అన్నీ సర్దుకోవాలి. దూరం పెరిగేకొద్దీ ఇంధనం ఎక్కువ కావాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి ఇంకా ఇంధనం కావాలి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజున కొన్ని సీట్లు ఖాళీగా ఉంచో, సరకు తగ్గించో విమానం లేవాల్సి రావచ్చు.

గమ్యం చేరడానికి సరిపడా ఇంధనం ఒక్కటే ఉంటే చాలదు. గాలి అంచనా తప్పితే వాడేందుకు కొంత, దిగాల్సిన చోట వీలు కాకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లేందుకు కొంత, ఆపైన అరగంట గాలిలో తిరిగేందుకు చివరి నిల్వ, ఇవన్నీ అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తప్పనిసరి.

ఇలాంటి విమానం గంటకు సుమారు ఏడు టన్నుల ఇంధనం కాలుస్తుంది. ఒక కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రెండు గంటలు ఆదా అయితే ఒక్క ప్రయాణంలోనే 40 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగినట్టే. దారి ఎంపిక పర్యావరణ విషయం కూడా అయ్యేది ఇందుకే.

ధ్రువం మీదుగా

అన్నిటికన్నా దగ్గరి దారి ఉత్తరాన ఉన్నప్పుడు అందరూ అటే ఎందుకు వెళ్లరు? ఎయిర్ ఇండియా 2019 ఆగస్టు 15న ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ధ్రువ ప్రాంతం మీదుగా నడిపింది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, కెప్టెన్ పాపగారి తన్మయి తదితరులతో కూడిన మహిళా పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానాన్ని తీసుకొచ్చింది.

ఈ దారిలో సవాళ్లు వేరు. విమానాల్లో వాడే జెట్ ఎ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర, జెట్ ఎ-1 మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ధ్రువం మీద బయటి గాలి అంతకన్నా చల్లగా ఉండొచ్చు. ట్యాంకులో ఇంధనం మరీ చల్లబడితే పైలట్లు ఎత్తు తగ్గించడమో, వేగం పెంచడమో చేస్తారు. భూమధ్యరేఖకు పైన తిరిగే సమాచార ఉపగ్రహాలు ధ్రువం దగ్గర దిగంతం కిందికి పోతాయి. అప్పుడు వేరే రేడియో పద్ధతులు కావాలి. సౌర తుపాను వస్తే ఆ రేడియో కూడా మూగబోతుంది, రేడియేషన్ కూడా పెరుగుతుంది. అలాంటి రోజుల్లో విమానాలు దక్షిణం వైపు దారి మార్చుకుంటాయి.

ఒక ఇంజను ఆగిపోతే ఎక్కడ దిగాలన్నది మరో ప్రశ్న. రెండు ఇంజన్ల విమానం ఒక్క ఇంజనుతో నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడవునా ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజనులో సమస్య తలెత్తడంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు. మరో విమానం వచ్చి వారిని గమ్యానికి చేర్చింది. పటంలో ఎవరూ వెతకని ఒక చిన్న ఊరు ఆ రాత్రి అంతమందికి ఆశ్రయమైంది. దారి గీసేటప్పుడే ఇలాంటి ఊళ్లను లెక్కలోకి తీసుకుంటారు.

దేశాల మధ్య గోడలు, ఆకాశంలోనూ

గణితం, వాతావరణం తర్వాత మూడోది రాజకీయం. ప్రతి దేశానికీ తన నేల పైనున్న ఆకాశం మీద హక్కు ఉంది. 2022లో రష్యా, యూరప్ దేశాలు పరస్పరం గగనతలం మూసుకున్నాక ఫిన్‌ఎయిర్ విమానాలు హెల్సింకి నుంచి టోక్యోకు చుట్టుదారి పట్టాయి. అంతకుముందు తొమ్మిదిన్నర గంటల్లో ముగిసే ప్రయాణానికి దాదాపు 13 గంటలు పట్టింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ భారత విమానాలకు తన గగనతలాన్ని మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నా, కోపెన్‌హాగన్‌లలో దిగాల్సి వచ్చింది. నగరాల మధ్య మహావృత్త దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. ప్రయాణం మాత్రం గంటల కొద్దీ పెరిగింది.

మీరే అంచనా వేయండి

ఇంట్లోవారి ప్రయాణ సమయాన్ని సుమారుగా లెక్కగట్టడం కష్టం కాదు. మహావృత్త దూరాన్ని 890తో భాగించి, లేవడానికీ దిగడానికీ అరగంట కలపండి. ఇది గాలి లేని ఆకాశపు లెక్క. హైదరాబాద్–షికాగోకు ఇలా చేస్తే పదిహేనున్నర గంటలు వస్తుంది. టికెట్టు మీద ఉండే సమయం దీనికన్నా ఎక్కువే ఉంటుంది. ఎందుకంటే విమానం గేటు వదిలినప్పటి నుంచి మరో గేటు చేరే వరకు ఉన్న మొత్తం సమయాన్ని అందులో చూపిస్తారు. పైగా అసలు దారి మహావృత్తం కన్నా ఎప్పుడూ కొంత పొడవే.

గడియారాన్ని మాత్రం నమ్మకండి. 2016 అక్టోబరు 16 తెల్లవారుజామున ఢిల్లీలో లేచిన ఆ పసిఫిక్ విమానం, దారిలో తేదీ రేఖ దాటి 15వ తేదీలోకి వెళ్లి, 16వ తేదీ ఉదయమే శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. గడియారం ప్రకారం చూస్తే అది రెండు మూడు గంటల ప్రయాణం. రెండు నగరాల మధ్య ఉన్న పన్నెండున్నర గంటల తేడాను కలిపితే అసలు సమయం బయటపడుతుంది. దిగినవారిని తీసుకెళ్లడానికి విమానాశ్రయానికి బయల్దేరే ముందు చూడాల్సింది దూరం కాదు, ఆ రోజు గాలి ఎటు వీస్తోంది, విమానం ఏ దారి పట్టింది అన్నదే.